దీపాలు కొండెక్కించమన్న దండోరా

రాత్రిపూట ఊరు నడిపే ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. నాకిచ్చింది మురిక్కాలవల ఉద్యోగం. అరవైల మొదట్లో మా ఊళ్ళో శానిటరీ ఇన్‌స్పెక్టరంటే నెత్తిన టోపీ, కింద సైకిలు, ఎదురొచ్చిన ప్రతివాడి నోట్లో నా మీద సిద్ధంగా ఉన్న ఒక ఫిర్యాదు. అప్పట్లో నాకు కోపం కూడా ఎక్కువే. ఇప్పుడు తగ్గిందని నేనంటాను, మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు.

పురపాలక ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీరు రాత్రి బజార్లు ఉండాలా వద్దా, ఉంటే ఎంతసేపు ఉండాలి అని సభలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారని విన్నాను. మంచిదే. మేం సభలు పెట్టలేదు. మాకు ఆ పాఠం ఒక దండోరా మనిషి నోటి చలవ వల్ల వచ్చింది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. నెల్లూరు జిల్లాలో, సముద్రపు గాలి తగిలే దూరంలో, రైలు స్టేషనున్న ఊరు అనుకోండి చాలు.

స్టేషను నుంచి సినిమా హాళ్ళ దాకా ఒకటే వీధి. పగలు దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. రెండో ఆటకి టిక్కెట్లివ్వడం మొదలయ్యే వేళకి దానికి ప్రాణం వచ్చేది. పెనాల మీద కారం దోసెలు, టీ బండ్లు, గోలీసోడాలు, జట్కాల వరస. రైలు దిగినవాళ్ళు, రైలెక్కాల్సినవాళ్ళు, మిల్లుల్లో బియ్యం బస్తాలు మోసి అలిసినవాళ్ళు, పల్లెల నుంచి సినిమాకొచ్చి తెల్లారిందాకా బస్సు లేనివాళ్ళు, అందరికీ అదే వంటిల్లు.

ఆ వీధిలో ఒక చేపల పులుసు ఆవిడ ఉండేది. అందరూ పులుసక్క అనేవాళ్ళు. ముత్తుకూరు అవతల సముద్రపు పల్లె ఆమెది. భర్త తెప్ప మీద నుంచి పడి నడుం దెబ్బతిని మంచాన ఉన్నాడు. ఆమె మధ్యాహ్నమే మామిడికాయ వేసి పులుసు కాచి, కుండకి గుడ్డ కట్టి, సాయంత్రం ఆఖరి బస్సుకి వచ్చేది. తెల్లారి మొదటి బస్సుకి వెళ్ళేది. మధ్యలో ఉన్న రాత్రే ఆమె బతుకు. కుండ ఖాళీ అయితే ఆ ఇంట్లో నలుగురు తిన్నట్టు, కాకపోతే లేనట్టు.

ఇంతమందికి అన్నం పెట్టే వీధిలో నిద్ర పట్టని మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. వకీలు గారు. ఆయన మేడ సరిగ్గా వీధి మధ్యలో. గోలీసోడా కొట్టిన ప్రతిసారీ ఆయన గుండె జారేదట. పొద్దున తలుపు తీస్తే గడప ముందు విస్తరాకులు, గుర్రపు పేడ. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆయనంటే నాకు మరీ మంటగా ఉండేది.

కొత్తగా వచ్చిన కమిషనర్ గారికి వకీలు గారి మొర నచ్చింది. బయటి జిల్లా మనిషి, చిన్నవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. నన్ను పిలిచి, రాత్రి పది తర్వాత ఆ వీధిలో అంగళ్ళన్నీ మూసెయ్యాలని చెప్పారు.

“రెండో ఆట వదిలాక జనం ఏం తింటారు సార్?” అన్నాను.

“ఇంటికి వెళ్ళి తింటారు.”

“ఇల్లు మనుబోల్లో ఉంటే సార్?”

“మనుబోల్లో ఇల్లున్నవాడు ఇక్కడ రెండో ఆట ఎందుకు చూడాలండీ?” అన్నారాయన. సినిమా పిచ్చి లేనివాడికి సినిమా పిచ్చి గురించి చెప్పడం నా వల్ల కాలేదు.

దండోరా వేయించే పని నాదే. మా దండోరా మనిషి పెద్దవాడు. డప్పు మీద పుల్ల పడితే ఊరు సగం బయటికొచ్చేది. కంఠం అలాంటిది. మాట మటుకు ఆయన ఇష్టం. మేం చెప్పింది ఒకటైతే దానికి తన అలంకారాలు జోడించేవాడు. ఆ సాయంత్రం అంగళ్ళ వాళ్ళు దీపాలు పెట్టుకునే వేళకి డప్పు తీసుకుని బయల్దేరాడు. నేను వెంట వెళ్ళలేదు. ఇంకో వీధిలో కాలవ పొంగితే అటు పోయాను.

పది దాటాక కమిషనర్ గారు, నేను తనిఖీకి నడిచాం. వీధి మొదట్లోనే ఆయన ఆగిపోయారు. స్టేషను దీపాలు దాటాక ఎక్కడా ఒక్క వెలుగు లేదు. పెట్రోమాక్స్ లేదు, లాంతరు లేదు, కిరసనాయిలు బుడ్డి కూడా లేదు.

“చూశారా? చెప్పే పద్ధతిలో చెబితే జనం వింటారు” అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఒళ్ళు మండింది. అంతలోనే ఏదో తేడాగా అనిపించింది. నిద్రపోయిన వీధిలో వెల్లుల్లి కారం వాసన ఎందుకొస్తుంది? ముక్కు ఎగబీల్చాను. చీకట్లో ఎక్కడో పెనం మీద చుయ్‌మని పిండి పడింది.

“సారూ, కారం దోసె తింటారా? నిదానం, ఆడ కాలవుండాది” అని చీకట్లోంచి ఒక గొంతు పలికింది.

ఆ మాట వినేసరికే కమిషనర్ గారు కాలవలో ఉన్నారు. మోకాలి లోతు. నేను కంగారుగా అగ్గిపుల్ల గీశాను.

“అగ్గిపుల్ల గియ్యబాకండి సారూ! దండోరా ఇన్లేదా?” అని అదే గొంతు నన్ను గదమాయించింది.

ఆ వెలుగులో చూశాను. బండ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, పొయ్యిల మంట కూడా కనపడకుండా తడికలు అడ్డం పెట్టారు. దోసెలు పోస్తున్నారు, టీ కాస్తున్నారు, జనం తడుముకుంటూ తింటున్నారు. జట్కా వాళ్ళు సైతం బండ్లకి వేలాడే దీపాలు తీసేశారు. రెండు జట్కాలు ఒకదానికొకటి చిక్కుకుని, వాటి మనుషులు ఎవరిని తిడుతున్నారో తెలియకుండానే తిట్టుకుంటున్నారు. వీధంతటిలో వ్యాపారం ఆపింది పులుసక్క ఒక్కతే. కుండ మీద గుడ్డ విప్పకుండా కూర్చుని ఉంది.

“నువ్వెందుకు అమ్మడం లేదమ్మా?” అన్నాను.

“చీకట్లో చేప ఎట్ట పెట్టేది సామీ? ఎవురి గొంతులోనన్నా ముల్లు ఇరుక్కుంటే ఆ ఉసురు నాకెందుకు?” అంది. ఆ రాత్రి ఆమె కుండ నిండుగానే వెనక్కి వెళ్ళింది.

మర్నాడు దండోరా మనిషిని కమిషనర్ గారి ముందు నిలబెట్టారు. ఏం చాటావని అడిగితే డప్పు లేకుండానే చాటి వినిపించాడు. “రాత్రి పది కొట్టేసరికి ఈ వీధిలో ఎవురి దీపాలు వాళ్ళు కొండెక్కించాలహో!”

ఈ మాట మీకు కొత్తగా ఉండొచ్చు. మా రోజుల్లో దీపం ఆర్పమని ఎవరూ అనేవాళ్ళు కాదు, అది అశుభం. కొండెక్కించమనేవాళ్ళు. మా నాన్న మిషన్ బడిలో పంతులు, మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన, అయినా పడుకునే ముందు మా అమ్మ అనేది ఆ మాటే. అంగడి విషయమూ అంతే. రాత్రికి కొట్టు కట్టేస్తారు. మూసెయ్యడమంటే వ్యాపారం దివాలా తీయడం.

“నేను చెప్పమన్నది అంగళ్ళు మూసెయ్యమని కదా?” అన్నారు కమిషనర్ గారు.

“అయ్యా, అది దీపాలు పెట్టే యాళ. లచ్చిందేవి కొట్లోకొచ్చే యాళ. అట్టాంటప్పుడు ఒకరి కొట్టు ముందర నిలబడి మూసెయ్ అని ఎట్టంటానయ్యా? నా నోరు పడిపోదా? అందుకని మర్యాదగా దీపాలు కొండెక్కించమన్నా. తెలివిగలోళ్ళు అర్థం చేసుకోవాల గదా.”

“తెలివిగలవాళ్ళే. అందుకే అర్థం చేసుకోలేదు” అన్నారు కమిషనర్ గారు. ఆయనకి హాస్యం తెలుసునని నాకు తెలిసింది ఆ రోజే. కాని వెంటనే నా వైపు తిరిగి, ఈ రాత్రి చెత్తబండి తీసుకెళ్ళి సామాన్లన్నీ ఎత్తించమన్నారు.

చెత్తబండిలో పులుసు కుండ. నా కళ్ళ ముందు అదే కనిపించింది. నోరు ఊరుకోలేదు.

“దీపాలుంటే తమరు కాలవలో పడేవారు కాదు సార్” అన్నాను. ఆయన కాలు బల్ల కింద కట్టుతో ఉంది. ఆపితే ఇక చెప్పలేనని గడగడా చెప్పేశాను. “ఆ వీధిలో మన దీపాలు స్టేషను దగ్గరే ఆగిపోయాయి. మిగతా వీధికంతా వెలుగిచ్చేది ఈ బండ్లే. రైలు దిగిన ఆడమనిషి ఆ వీధిలో ధైర్యంగా నడిచి వస్తున్నదంటే ఆ వెలుగు వల్లే. వకీలు గారి బాధ సోడా చప్పుడు, ఎంగిలాకులు, పేడ. ఆ మూడూ తీసే పూచీ నాది. దీపాలు తియ్యకండి.”

ఆయన తన కాలికేసి చూసుకున్నారు. “నెలాఖరు దాకా. వకీలు గారు ఒక్కసారి నా గుమ్మం ఎక్కినా మూసేస్తాను. మూసేస్తాననే అంటున్నాను, కొండెక్కిస్తానని కాదు” అన్నారు.

ఆ నెల నేను ఇంట్లో పడుకున్న రాత్రులు తక్కువ. బండ్ల వాళ్ళని కూర్చోబెట్టి పద్ధతులు చెప్పాను. అమ్మేవాళ్ళు అమ్ముకోవచ్చు, కాని ప్రతి బండికీ దీపం ఉండాలి, అది కాలవ కనిపించేటట్టు వేలాడాలి. ఎవరి ముందు ఆకు పడితే వాళ్ళే ఎత్తాలి. ఆడవాళ్ళ అంగళ్ళు పారా పోలీసు తిరిగే మలుపు దగ్గర. వకీలు గారి మేడ ముందు ఎవరూ కూర్చోకూడదు. తెల్లారేలోగా వీధి కడగాలి. దీనికి మా పారిశుధ్యం మేస్త్రీ ఎదురు తిరిగాడు.

“రాత్రి పూట ఊడ్చమంటే మా వోళ్ళు నన్ను ఊడ్చేస్తారు సార్” అన్నాడు. పని అయ్యాక వేడి టీ బండ్లవాళ్ళు పోస్తారని ఒప్పందం చేశాక వాళ్ళే ముందు వచ్చి నిలబడేవాళ్ళు.

బాగానే నడుస్తోందని మురిసిపోయాను. అక్కడే బోర్లాపడ్డాను. సోడా వాళ్ళని వకీలు గారి ఇంటికి దూరంగా పంపాలనే ఆత్రంలో తీసుకెళ్ళి జట్కాల అడ్డా పక్కన పెట్టాను. ఒక రాత్రి ఎవడో వరసగా సోడాలు కొట్టాడు. ఒక గుర్రం బెదిరి, బండితో సహా వీధంతా పరుగెత్తి, వెతుక్కున్నట్టు వకీలు గారి గేటునే విరగ్గొట్టింది.

పొద్దున్నే వకీలు గారు కమిషనర్ గారి గుమ్మం ఎక్కారు. ఆయన అడిగిందీ న్యాయమే, కమిషనర్ గారు అన్నదీ న్యాయమే. ఇక ఆ రాత్రే ఆఖరు. ఈసారి దండోరా అక్కర్లేదని, నన్నే బండి బండికీ తిరిగి చెప్పమన్నారు.

చెబుతూ పోయాను. కార్తీకం వానలు. సాయంత్రం నుంచి ఒకటే ముసురు. చివరికి సినిమా హాలు పంచలో పులుసక్క దగ్గరికి వచ్చాను.

“రేపట్నుంచి రాబాకమ్మా.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. “కొట్టు కట్టెయ్యమంటే కట్టేస్తా సామీ. మా ఇంట్లో మంచాన ఉండే మనిషికి ఆకలేస్తది గదా, దాన్ని ఎట్ట కట్టేసేది?” అంది.

నేను గొడుగు తెరిచాను. అప్పుడే స్టేషను నుంచి పోర్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మనుబోలు అవతల పట్టాల మీదికి నీళ్ళెక్కాయి. బిట్రగుంట వైపు నుంచి వచ్చిన మద్రాసు బండిని మా స్టేషన్లో ఆపేశారు. తెల్లారేదాకా కదలదు. వెనక వస్తున్న బండి కూడా ఇక్కడే ఆగుతుంది. ప్లాట్‌ఫారం నిండిపోయింది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, స్టేషను మాస్టరు గారు మునిసిపాలిటీ ఏమన్నా చేస్తుందా అని అడిగారు.

మునిసిపాలిటీ ఏం చేస్తుంది? మా దగ్గర చీపుళ్ళున్నాయి, ఫినాయిలుంది. అన్నం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. వానలో వీధి మధ్యన నిలబడి, జీవితంలో ఎప్పుడూ అరవనంతగా అరిచాను. “ఎవరూ పోవద్దు! దీపాలు తీసుకుని స్టేషనుకి నడవండి!”

వాళ్ళు నడిచారు. ఆ దృశ్యం ఈ వయసులో కూడా కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. నెత్తిన గోనెసంచులు కప్పుకుని, ఒకడు పెట్రోమాక్స్ ఎత్తి పట్టుకుంటే, వెనక ఇద్దరు పెనం మోస్తూ, పిండి గిన్నెలు, టీ బాయిలర్లు, పొయ్యిలు. జట్కా వాళ్ళు పిలవకుండానే వచ్చి ముసలివాళ్ళని ఎక్కించుకున్నారు. ఎవరూ బేరం ఆడలేదు. మేస్త్రీ తన మనుషులతో కాలవ పొడుగునా నిలబడి, ఒక్కరు కాలు జారకుండా దారి చూపించాడు. స్టేషను పంచ చాలక జనం వీధిలోకి వచ్చేశారు. ఎక్కడ చూరు దొరికితే అక్కడ దూరారు.

వకీలు గారి చూరు కింద కూడా. తెరుచుకున్న విరిగిన గేటు ఎవరిని ఆపుతుంది? చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు ఆయన గోడకి ఆనుకుని వణుకుతున్నారు. తలుపు తెరుచుకుంది. అయిపోయింది, ఇప్పుడు ఈయన కేకలు కూడా పడాలి అనుకుని పరుగెత్తాను.

ఆయన గడపలో నిలబడి చూస్తున్నారు. తడిసిన పసిబిడ్డ ఒకటి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన లోపలికి తిరిగి భార్యని పిలిచారు. వరండా తలుపులు రెండూ బార్లా తెరిచారు. తర్వాత నన్ను చూసి అన్నారు, “ఏందయ్యా ఇన్‌స్పెక్టరూ, అట్ట నిలబడినావు? ఈడంతా చీకటి. ఒక దీపం ఇటు పెట్టించు!”

పులుసక్క తన లాంతరు తీసుకెళ్ళి ఆ వరండాలో పెట్టింది. దాని పక్కనే కుండ దించింది. వకీలు గారింట్లో చేప వండరు. ఆయన భార్య లోపలే అన్నం వార్చి, దూరంగా నిలబడి అందించింది. పులుసక్క ఒక్కో పిల్లకీ ముల్లు తీసి ముద్ద పెట్టింది. ఆ వరండాలో చేపల పులుసు వాసన ఎన్నాళ్ళు నిలిచిందో నాకు తెలియదు, వకీలు గారు మటుకు దాని మీద ఫిర్యాదు చేయలేదు.

తెల్లవారుజామున వాన వెలిసింది. కమిషనర్ గారు ప్యాంటు మడిచి, బురదలో, కాలవకి ఆమడ దూరంగా నడుస్తూ వచ్చారు. ఆయన రాత్రంతా స్టేషన్లోనే ఉన్నారు. ఇస్త్రీ మడత పోయింది. మనిషి బాగున్నాడు. పులుసక్క ఖాళీ కుండ పక్కన బస్సు కోసం కూర్చుని ఉంది. లాంతరు ఇంకా వెలుగుతోంది.

“ఏమ్మా, నువ్వు కొట్టు ఎప్పుడు కట్టేస్తావు?” అని అడిగారాయన. కట్టేస్తావు అన్నారు, గమనించారా.

“మొదటి బస్సొచ్చినాక సామీ.”

ఆయన నా వైపు తిరిగారు. “అదే పెట్టండి.”

“ఏది సార్?”

“ఈ వీధి కట్టేసే వేళ. మొదటి బస్సు వచ్చినాక. దీపాల సంగతి, కాలవ సంగతి, మీ పద్ధతులన్నీ అలాగే. సోడాల వాళ్ళని మటుకు గుర్రాల దగ్గర నుంచి తీయండి.”

అంతలో బస్సు వచ్చేసింది. పులుసక్క కుండ నెత్తిన పెట్టుకుని, లాంతరు చేత పట్టుకుని ఎక్కింది. ఎక్కాక కిటికీలోంచి తల బయట పెట్టి, “సాయంత్రం రావాల్నా సామీ?” అని అరిచింది. రమ్మని చేతులు రెండూ ఊపాను. టోపీ బురదలో పడింది. పడనీ.

నేను రిటైరయ్యేదాకా ఆ వీధి రాత్రిళ్ళు మేలుకునే ఉంది. వకీలు గారికి నిద్ర కూడా పట్టింది. రెండూ ఒకే వీధిలో జరగవచ్చు, కాకపోతే ఎవరో ఒకరు రాత్రుళ్ళు తిరిగి చూసుకోవాలి. మీకు నేను చెప్పగలిగింది ఇంతే.

పులుసక్కని రమ్మన్న ఆ సాయంత్రం మళ్ళీ దండోరా వేయించాం. ఈసారి పక్కనే నడిచాను. ఏ మాట అనాలో అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించాను. ఆయన బుద్ధిగా తలూపి, వీధి మధ్యకి వెళ్ళి, డప్పు మీద పుల్ల వేసి, గొంతెత్తాడు.

“కొట్టు కట్టేసేది మొదటి బస్సొచ్చినాకహో! అందాకా ఈ వీధిలో ఎవురి దీపమూ కొండెక్కనియ్యబాకండహో!”

వెనక మాట నేను చెప్పింది కాదు. దిద్దలేదు.